ఫర్నేస్ ఏ కంపెనీదని కాదు, బిగించేదెవరని అడగండి

ప్రతి ఏడాదీ దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోపు నాకు కనీసం ముగ్గురు ఫోన్ చేస్తారు. ముగ్గురూ మన తెలుగువాళ్ళే, ముగ్గురూ సాఫ్ట్‌వేరే, ముగ్గురూ అడిగే ప్రశ్న కూడా ఒకటే. "గురూ, ఫర్నేస్ మార్చాలి. క్యారియర్ తీసుకోమంటావా, లెన్నాక్సా, ట్రేనా?" ఆ వెనకే ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. అడ్డంగా ఇరవై కాలమ్‌లు, పచ్చరంగు, ఎర్రరంగు, వెయిటేజీలు. ఆఫీసులో డేటాబేస్ ఎంచుకోవడానికి కూడా వీళ్ళు అంత కష్టపడి ఉండరు.

అయ్యా, ఆ ప్రశ్నే తప్పు. తప్పు ప్రశ్నకి ఎంత గొప్ప ఎక్సెల్ షీటు వేసినా తప్పు జవాబే వస్తుంది. ఈ ముక్క నేనెక్కడో చదివి చెప్పట్లేదు. అదే ప్రశ్న అడిగి, 12,800 డాలర్లు తగలేసి, మూడు నెలల పాపని ఒళ్ళో పెట్టుకుని మైనస్ చలిలో ఒక రాత్రంతా జాగారం చేసి మరీ తెలుసుకున్నా.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి ఇది చదివేవాళ్ళకి ఓ రెండు ముక్కలు. మేముండే మినియాపోలిస్ చుట్టుపక్కల చలికాలం అంటే స్వెట్టర్ వేసుకునే చలికాలం కాదు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మైనస్ 33 సెల్సియస్. ఇంటి అడుగున బేస్‌మెంట్‌లో బీరువా అంత ఇనప డబ్బా ఒకటుంటుంది. అందులో గ్యాస్ మండుతుంది, ఆ వేడి గాలిని ఒక ఫ్యాను డక్టుల గుండా అన్ని గదులకీ తోస్తుంది. అదే ఫర్నేస్. మనకి వేసవిలో కరెంటు పోతే చెమట పడుతుంది. ఇక్కడ జనవరిలో ఇది ఆగితే ముందు మనుషులు వణుకుతారు, తర్వాత గోడల్లో నీళ్ళ పైపులు గడ్డకట్టి పగులుతాయి.

అంత ముఖ్యమైన యంత్రాన్ని మనం ఎలా కొంటున్నామో చూడండి. ఇల్లు కొనేటప్పుడు తూర్పు ముఖమా కాదా అని దిక్సూచి పట్టుకుని వాకిట్లో తిరుగుతాం. వంటిల్లు ఆగ్నేయంలో ఉందా అని ఊళ్ళో ఉన్న పెదనాన్నకి ప్లాను పంపించి అడుగుతాం. ఇంటికే ఆగ్నేయం లాంటి ఆ ఫర్నేస్ ముఖం మాత్రం ఒక్కడూ చూడడు. (నేనూ చూళ్ళేదు, నవ్వకండి.) అది చచ్చిపోయే రోజు దగ్గరపడ్డాక హడావుడిగా ముగ్గుర్ని పిలిచి, మూడు కొటేషన్లు తీసుకుని, అందులో ఏ పేరు ఎక్కువ విన్నామో ఆ పేరు మీద సంతకం పెట్టేస్తాం. కారు కొన్నట్టే. పక్క వీధి తెలుగాయన ఫలానాది పెట్టించాడు కాబట్టి మనం దానికంటే ఒక మెట్టు పైది పెట్టించాలి. అంతే సిద్ధాంతం.

సరే, ఆ పేర్ల సంగతే ముందు చూద్దాం.

క్యారియర్, బ్రయంట్, పేన్, హైల్, టెంప్‌స్టార్, కంఫర్ట్‌మేకర్. ఆరు పేర్లు, యజమాని ఒక్కరే. బ్రయంట్, పేన్ 1955లోనే క్యారియర్ గూటికి చేరాయి, హైల్ జట్టంతా 1999లో వచ్చింది. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ రెండూ అన్నదమ్ములే. లెన్నాక్స్ ఇంట్లోనే ఆర్మ్‌స్ట్రాంగ్ ఎయిర్, ఎయిర్ ఈజ్, డుకేన్ ఉన్నాయి. గుడ్‌మన్, అమానా 2012 నుంచి జపాన్ డైకిన్ చేతిలో ఉన్నాయి. రీమ్, రూడ్ ఒకటే. యార్క్, లక్సైర్, కోల్‌మన్‌లు జాన్సన్ కంట్రోల్స్ దగ్గర్నుంచి 2025లో బాష్‌కి వెళ్ళాయి. అంటే మీ షీటులో పన్నెండు పేర్లుంటే అసలు కంపెనీలు ఐదో ఆరో.

మన భాషలో చెప్పాలంటే ఒకే కోడ్‌బేస్, వేరే వేరే లోగో. క్యారియర్‌కీ బ్రయంట్‌కీ మధ్య తేడా మీద నా మిత్రుడొకడు రెండు వారాలు పరిశోధన చేశాడు. పీహెచ్‌డీ ఇవ్వాల్సింది.

పోనీ వేరే వేరే కంపెనీల మధ్యైనా తేడా ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. కానీ మూత తీసి చూడండి. గ్యాస్ వాల్వ్ మీద హనీవెల్ అనో వైట్ రాడ్జర్స్ అనో రాసి ఉంటుంది. మోటార్లు, ప్రెషర్ స్విచ్‌లు, ఇగ్నైటర్లు కూడా చాలావరకు బయట తయారయ్యేవే. కంపెనీ సొంతంగా చేసేది ముఖ్యంగా హీట్ ఎక్స్‌ఛేంజర్, డబ్బా, కంట్రోల్ బోర్డు మీది తెలివితేటలు. అదేమీ చిన్న విషయం కాదు, ఒప్పుకుంటా. కానీ మనం ఊహించుకునేంత, అంటే మారుతీకీ మెర్సిడిస్‌కీ ఉన్నంత దూరం ఇక్కడ లేదు.

ఇప్పుడు రెండో దేవుడి దగ్గరికి వద్దాం. ఆయన పేరు ఏఎఫ్‌యూఈ. వంద రూపాయల గ్యాస్ కాలిస్తే ఏడాది మొత్తం మీద ఎన్ని రూపాయల వేడి ఇంట్లోకి వచ్చిందో చెప్పే అంకె. పాత ఫర్నేస్‌లు 80 శాతం. మిగతా 20 పొగగొట్టం గుండా ఆకాశానికి. 90 దాటినవి ఆ పొగలో ఉన్న నీటి ఆవిరిని కూడా రెండో హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో చల్లార్చి నీళ్ళుగా మార్చి, ఆ వేడిని కూడా లాగేసుకుంటాయి. అందుకే వీటికి ఇనప పొగగొట్టం అక్కర్లేదు, తెల్ల పీవీసీ పైపు చాలు. అందుకే వీటి కింద ఒక డ్రెయిన్ గొట్టం కూడా ఉంటుంది. ఈ నీళ్ళని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తాయి.

80 నుంచి 96కి వెళ్ళడం నిజంగా లాభం. లెక్క చూడండి. 96 శాతం ఫర్నేస్‌తో మీ ఇంటికి ఏడాదికి 1000 థర్మ్‌ల గ్యాస్ పడుతుందనుకుంటే, 80 శాతం దానికి 1200 పడుతుంది. థర్మ్ ఒక డాలర్ అనుకుందాం. ఏడాదికి 200 డాలర్లు మిగులు. శభాష్.

అదే 96 నుంచి 98.5కి వెళ్తే? 1000 కాస్తా 975 అవుతుంది. ఏడాదికి పాతిక డాలర్లు. నలుగురు హోటల్‌కెళ్ళి దోశలు తింటే అయిపోయే డబ్బు. దానికోసం నా దగ్గర రెండు కొటేషన్ల మధ్య తేడా ఎంతో తెలుసా? 4,600 డాలర్లు. పాతిక చొప్పున అది తిరిగి రావడానికి 184 ఏళ్ళు పడుతుంది. ఫర్నేస్ ఆయుష్షు మహా అయితే ఇరవై ఏళ్ళు. నా మునిమనవడి మునిమనవడికి ఒక ఉత్తరం రాసిపెట్టాలి, "నాయనా, ఈ ఏడాదితో లాభాల్లోకి వస్తాం" అని. పైగా 97 శాతం దాటితే ఫెడరల్ పన్నులో 600 డాలర్ల దాకా వచ్చే మినహాయింపు కూడా 2025 డిసెంబర్ 31తో పోయింది. ఇంకా ఎవడైనా సేల్స్‌మ్యాన్ దాన్ని చూపించి ఊరిస్తే తలుపు చూపించండి.

"డబ్బు కోసం కాదు గురూ, సుఖం కోసం" అంటారా? అది న్యాయమైన మాటే. ఖరీదైన మోడళ్ళలో మంట మాడ్యులేట్ అవుతుంది. అంటే పూర్తిగా వెలగడం, పూర్తిగా ఆరడం అనే రెండే స్థితులు కాకుండా, 40 శాతం దగ్గర్నుంచి 100 దాకా ఎంత కావాలో అంతే మండుతుంది. సన్నటి సెగ మీద అన్నం ఇగిరినట్టు ఇల్లు నిదానంగా, సమంగా వెచ్చగా ఉంటుంది. చప్పుడు కూడా తక్కువ. బ్రోషర్లో చదవగానే నేను పడిపోయింది కూడా అక్కడే.

ఇక నా కథ.

మా ఇల్లు 1980లలో కట్టింది. ఫర్నేస్ పాతబడింది, మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి, చలికాలంలోపు మార్చేయాలి. ముగ్గురొచ్చారు. మొదటివాడి కొటేషన్ ఇక్కడ అనవసరం. రెండోవాళ్ళది పెద్ద డీలర్‌షిప్. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఐప్యాడ్. బేస్‌మెంట్‌లోకి దిగి పాత ఫర్నేస్ మీద స్టిక్కర్ ఫొటో తీసుకున్నాడు. "ఇది లక్ష బీటీయూ, మీకు మళ్ళీ లక్షే ఇస్తాం, టాప్ మోడల్, మాడ్యులేటింగ్, 97 శాతం. ఈరోజే సంతకం పెడితే డిస్కౌంట్." ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. 12,800.

మూడో ఆయన అరవై దాటిన పెద్దమనిషి. ఒక్కడే, పాత వ్యాను. టేపు పట్టుకుని రెండు గంటలు ఇల్లంతా తిరిగాడు. కిటికీలు కొలిచాడు, అటక మీదికెక్కి ఇన్సులేషన్ ఎంత మందం ఉందో చూశాడు, డక్టులో చిన్న కన్నం పెట్టి ఏదో మీటరు దూర్చాడు, గత చలికాలం గ్యాస్ బిల్లులు అడిగాడు. మా ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చింది. చివరికి తేల్చింది: 60 వేల బీటీయూ, 96 శాతం, రెండు స్టేజీలు, మధ్యరకం బ్రాండు, 8,200.

నేను మనసులో నవ్వుకున్నా. పాతది లక్ష ఉంటే ఈయన అరవై వేలు అంటాడేంటి? ర్యామ్ తగ్గించి అప్‌గ్రేడ్ అన్నట్టుంది. పైగా బ్రాండు పేరు చూస్తే మన గ్రూపులో ఎవరి ఇంట్లోనూ లేదు. ఐప్యాడ్‌కే సంతకం పెట్టా. ఏ కంపెనీ ఫర్నేసో చెప్పను, ఎందుకంటే తప్పు ఆ యంత్రానిది కాదు. ఈ టపా మొత్తానికి అదే ప్రాణం.

జనవరిలో ఒక శనివారం రాత్రి. బయట మైనస్ 14 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 26. ఈదురుగాలి, మంచు. పాపకి మూడు నెలలు. పురిటికని వచ్చిన అత్తగారూ మావగారూ ఇంకా ఇక్కడే ఉన్నారు. ఒంటిగంటకి మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫర్నేస్ చప్పుడు లేని చలికాలపు ఇల్లు ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. కిందికి దిగితే బోర్డు మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. మూత లోపలి కాగితంతో పోల్చి చూస్తే ప్రెషర్ స్విచ్ తెరుచుకుంది అని అర్థం. పవర్ ఆపి మళ్ళీ వేశా (ఇంకేం చేస్తాం, మనకొచ్చిన విద్య అదొక్కటే). రెండు నిమిషాలు వెలిగి మళ్ళీ ఆరిపోయింది.

డీలర్ కరపత్రం మీద "24 గంటల సర్వీస్" అని పెద్దక్షరాల్లో ఉంది. ఫోన్ చేస్తే మెషీన్ చెప్పింది, సోమవారం పొద్దున పిలుస్తాం అని.

రెండింటికి ఇంట్లో 64. నాలుగింటికి 59. రెండు ఎలక్ట్రిక్ హీటర్లు పెడితే బ్రేకర్ పడిపోయింది, ఒకదాన్ని వేరే గదికి మార్చా. పైకొచ్చేసరికి అత్తగారు గ్యాస్ పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగించి వంటింట్లో పాపని పట్టుకుని నించున్నారు. మావగారేమో గరాజ్‌లోంచి బార్బెక్యూ బొగ్గుల సంచి మోసుకొస్తున్నారు. "అల్లుడుగారూ, ఓ ఇనప మూకుడు ఇవ్వండి, కుంపటి పెట్టేస్తాను. మా చిన్నప్పుడు ఇంతే కదండీ."

నేను జన్మలో ఆయన మీద గొంతు పెంచలేదు. ఆ రాత్రి అరిచేశా. తలుపులు బిగించిన ఇంట్లో బొగ్గులు రాజేస్తే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే పోతారు. ఊళ్ళో పెంకుటింట్లో గాలి ఆడుతుంది, ఇక్కడ ఆడదు. గ్యాస్ పొయ్యి కూడా గది వెచ్చబెట్టుకోవడానికి కాదు. పొయ్యి ఆపేసి, బొగ్గులు బయట పడేసి, అందరం ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పాప నా చొక్కా లోపల. ఆ ముసలి ప్రాణాలకి మంచి చేద్దామనే తాపత్రయం, నాకేమో వాళ్ళ మీద కోపం, నా మీద నాకు అంతకంటే కోపం. తెల్లారేసరికి 55.

ఆరింటికి సిగ్గు చంపుకుని ఆ మూడో ఆయనకి ఫోన్ చేశా. ఆదివారం. "పసిపిల్ల ఉందన్నావు కదూ" అని మాత్రం అడిగాడు. ముప్పావుగంటలో వచ్చాడు.

ఫర్నేస్ వైపు సరిగ్గా చూడనైనా చూళ్ళేదు. తిన్నగా పీవీసీ పైపు దగ్గరికెళ్ళాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ నీళ్ళు. పొగ పోయే పైపు అడుగుకి పావు అంగుళం చొప్పున ఫర్నేస్ వైపుకి వాలు ఉండాలి, లోపల తయారైన నీళ్ళు వెనక్కి జారి డ్రెయిన్‌లోకి పోవడానికి. మాది మధ్యలో కుంగి ఉయ్యాలలా వేలాడుతోంది, పట్టీలు వేయలేదు. ఆ గుంటలో నీళ్ళు నిలిచి పొగకి దారి మూసేశాయి. అది చాలదన్నట్టు బయట గాలి పీల్చే పైపు మూతి నేలకి ఆరంగుళాల ఎత్తులో పెట్టారు. మంచు పేరుకునే ఎత్తుకి ఇంకో అడుగు పైన ఉండాల్సింది. గాలికి కొట్టుకొచ్చిన మంచు దాన్ని సగం పూడ్చేసింది. ప్రెషర్ స్విచ్ తన పని తాను చేసింది. పొగ పోవట్లేదు కాబట్టి మంట ఆపేసి మమ్మల్ని కాపాడింది.

నాలుగు పట్టీలు, రెండు ఎల్బోలు, మూడడుగుల పైపు. నలభై నిమిషాలు. 180 డాలర్లు తీసుకున్నాడు. 12,800 డాలర్ల యంత్రం ఇరవై డాలర్ల ప్లాస్టిక్ పైపు దగ్గర ఓడిపోయింది. కోడ్ బాగానే ఉంది, డిప్లాయ్‌మెంట్ తగలడింది. మనకంటే ఈ బాధ ఎవరికి బాగా తెలుస్తుంది చెప్పండి?

వెళ్ళబోతూ ఆయన డక్టులో మళ్ళీ మీటరు పెట్టి చూపించాడు. ఆ ఫర్నేస్ గాలి ఒత్తిడి 0.5 అంగుళాల దగ్గర పనిచేసేలా డిజైన్ చేసింది. మా డక్టుల్లో 0.9 ఉంది. "నీ డక్టులు చిన్నవి, యంత్రం పెద్దది. గడ్డి పరకతో మజ్జిగ తాగించినట్టుంది దీనికి" అనే అర్థంలో ఏదో ఇంగ్లీషులో అన్నాడు. అరవై వేలు ఎందుకన్నాడో అప్పుడు అడిగా. "నీ బిల్లుల్లోనే ఉంది, ఇంజనీరువి కదా, నువ్వే వేసుకో" అన్నాడు.

వేశా. మీరూ వేసుకోండి, అయిదు నిమిషాల పని.

పాత ఫర్నేస్‌తో ఒక జనవరిలో మేం వాడింది 275 థర్మ్‌లు. వేడినీళ్ళకీ వంటకీ ఓ పాతిక తీసేస్తే 250. థర్మ్ అంటే లక్ష బీటీయూలు, ఫర్నేస్ 80 శాతం. కాబట్టి ఇంట్లోకి వచ్చిన వేడి 2 కోట్ల బీటీయూలు. ఆ నెల డిగ్రీ డేస్ 1500. అంటే రోజూ బయటి సగటు ఉష్ణోగ్రత 65 కంటే ఎంత తక్కువో చూసి, నెలంతా కూడితే వచ్చే అంకె. దాన్ని 24తో గుణిస్తే 36,000. రెండు కోట్లని దానితో భాగిస్తే సుమారు 555. బయట ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా మా ఇల్లు గంటకి 555 బీటీయూలు పోగొట్టుకుంటుందన్నమాట.

మా ఊళ్ళో ఫర్నేస్ సైజుకి లెక్కలోకి తీసుకునే చలి మైనస్ 10 ఫారెన్‌హీట్ అటూ ఇటూ. 65 నుంచి మైనస్ 10కి 75 డిగ్రీలు. 75 సార్లు 555, దాదాపు 41,700. అరవై వేల 96 శాతం ఫర్నేస్ ఇచ్చేది 57,600. ఇంకా బోలెడు మిగులు! "2019లో వచ్చినట్టు మైనస్ 28 వస్తే?" అని మీరడగొచ్చు. 93 సార్లు 555, 51,600. అప్పటికీ సరిపోతుంది. మరి నాకు అంటగట్టిన లక్ష బీటీయూల యంత్రం ఇచ్చేదెంత? 97,000. అవసరానికి రెండింతలకి పైన.

అసలు విషాదం ఇక్కడుంది. చలికాలంలో మామూలు రోజు బయట 25 ఉందనుకోండి. మా ఇంటికి కావాల్సింది 40 సార్లు 555, అంటే 22,000. నా మాడ్యులేటింగ్ ఫర్నేస్ ఎంత సన్నగా మండినా, 40 శాతం దగ్గర కూడా, 39,000 ఇస్తుంది. అంటే నేను ఏ సన్నటి సెగ కోసం వేలకి వేలు పోశానో ఆ సెగ మా ఇంట్లో చాలా రోజులు రానే రాదు. వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది, ఆరుతుంది. పాత దానిలాగే. అదే మాడ్యులేటింగ్ మోడల్ అరవై వేల సైజులో తీసుకుని ఉంటే 23,000 దగ్గర హాయిగా నడిచేది. ఖరీదైన ఫీచరు అబద్ధం కాదు. సైజు తప్పితే అది అబద్ధమైపోతుంది.

మరి కాంట్రాక్టర్లు ఇలా ఎందుకు చేస్తారు? వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి. సైజు చిన్నదైతే తీవ్రమైన చలిరోజు కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు. పెద్దదైతే ఎవడూ తిట్టడు. బిల్లు కొంచెం ఎక్కువొస్తుంది, చప్పుడొస్తుంది, పై గది వేడి, కింది గది చల్లన. దాన్ని మనం "ఈ ఇల్లింతే" అనుకుంటాం. లోడ్ లెక్క వేయడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలకి మనం డబ్బివ్వం, కనీసం గౌరవం కూడా ఇవ్వం. ఐప్యాడ్‌కి ఇస్తాం. లెక్క వేసినవాణ్ణి చూసి నవ్వుకుంటాం. టెస్టింగ్‌కి బడ్జెట్ ఇవ్వని మేనేజర్‌ని రోజూ తిట్టుకునే మనం, మన ఇంటి దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆ మేనేజర్ లాగే ప్రవర్తిస్తాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే, కాంట్రాక్టర్ల మీద కంటే మన మీద.

"చవక బ్రాండ్లు ఊరికే పాడవుతాయంటారు కదా?" అని ఇంకో అభ్యంతరం. చవక యంత్రాన్ని ఎవడైనా కొనగలడు, ఎవడైనా బిగించగలడు. కాబట్టి చెడ్డ పనివాళ్ళ చేతుల్లో ఎక్కువ పడేది అదే, చెడ్డపేరు వచ్చేది దానికే. పెద్ద బ్రాండ్లు కొన్ని డీలర్లకి ట్రైనింగ్ ఇస్తాయి, నిజమే. అదే భరోసా అయితే మా ఇంట్లో పైపు ఉయ్యాల ఎందుకూగింది? వారంటీ అంటారా, చాలా కంపెనీలు గడువులోగా రిజిస్టర్ చేస్తే విడిభాగాలకి పదేళ్ళు ఇస్తున్నాయి. మర్చిపోతే అయిదే. పనివాడి కూలి అందులో ఉండదు. ఇక ఖరీదైన మోడళ్ళలో మాడ్యులేషన్ పూర్తిగా పనిచేయాలంటే చాలాసార్లు ఆ కంపెనీ థర్మోస్టాటే వాడాలి, బోర్డు పోతే ఆ కంపెనీ డీలరే తేవాలి. దీన్ని ఆఫీసులో వెండర్ లాకిన్ అని ముక్కు చిట్లించే మనం, ఇంట్లో ప్రీమియం అని పిలుస్తాం.

కాబట్టి ఈసారి ఫోన్ చేసేవాళ్ళకి నా జవాబు ఇదే. షీటులో బ్రాండు కాలమ్ తీసేసి, వచ్చిన మనిషిని ఈ ప్రశ్నలడగండి.

1. లోడ్ లెక్క, అదే మాన్యువల్ జె, వేస్తారా? వేసి కాగితం చేతికిస్తారా? "పాతది ఎంతో కొత్తదీ అంతే" అన్నాడా, నమస్కారం పెట్టి పంపేయండి.
2. డక్టుల్లో ఒత్తిడి కొలుస్తారా? బిగించిన తర్వాత మళ్ళీ కొలిచి అంకె రాసిస్తారా?
3. పీవీసీ పైపు ఏ దారిన వెళ్తుంది, వాలు ఎటు, బయట మూతి నేలకి ఎంత ఎత్తులో?
4. గ్యాస్ ఒత్తిడి, గాలి వేడెక్కే తేడా కొలిచి సెట్ చేస్తారా, లేక స్విచ్ వేసి వెళ్ళిపోతారా?
5. సిటీ పర్మిట్ ఎవరు తీస్తారు? ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు?
6. జనవరిలో శనివారం రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేస్తే ఎత్తేది మనిషా, మెషీనా? (సంతకం పెట్టేముందు ఒక రాత్రి నిజంగానే చేసి చూడండి.)

ఈ ఆరింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాడు ఏ బ్రాండు అమ్మితే ఆ బ్రాండు కొనండి. 95, 96 శాతం, రెండు స్టేజీలు, వేగం మార్చుకునే ఫ్యాను మోటారు. మనలాంటి చాలా ఇళ్ళకి అది చాలు. మిగిలిన డబ్బుతో అటక మీద ఇన్సులేషన్ వేయించండి, ఇంటికి అసలు కావాల్సిన వేడే తగ్గుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇల్లు మళ్ళీ 70కి వచ్చాక మావగారికి క్షమాపణ చెప్పా. ఆయన నవ్వేశారు. నూజివీడు దగ్గర ఆయనకి మామిడితోట ఉంది, జన్మంతా బోర్లతో వేగినవాడు. నా కథంతా విని, "మా దగ్గరా ఇంతే అల్లుడుగారూ. బోరులో నీళ్ళెంత లోతున ఉన్నాయో చూడరు, పైపు ఎంత దించారో చూడరు. మోటారు ఏ కంపెనీ అని మాత్రం ఊరంతా అడుగుతారు" అన్నారు.

నాలుగేళ్ళ ఇంజనీరింగ్ డిగ్రీ, ఇరవై కాలమ్‌ల ఎక్సెల్ షీటు. ఆయన దగ్గర రెండూ లేవు.

తా.క.: మీ పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? మా మిన్నెసోటాలో ప్రతి పడకగదికీ పది అడుగుల లోపు ఉండాలని చట్టమే ఉంది. చట్టం లేకపోయినా పెట్టుకోండి. ఊర్నించి అమ్మానాన్నలొస్తే మొదటిరోజే దాన్ని చూపించి, కుంపటి, బొగ్గులు, గ్యాస్ పొయ్యి సంగతి చెప్పేయండి. అరిచే అవసరం రాకుండా.